వాదనలో లొసుగు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? తర్కదోషాలు, వ్యక్తిగత దాడులు: సమగ్ర మార్గదర్శి

"అతను చెప్పేది తప్పని లోపల తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడ తప్పో చెప్పబోతే మాత్రం మాట రాదు. ఇంటికొచ్చి పడుకున్నాక అసలు చెప్పాల్సింది గుర్తొస్తుంది." ఈ బాధ చెప్పుకుని, ఏం చేయాలో వివరంగా రాయమని చాలామంది అడుగుతున్నారు.

ముందే ఒక సంగతి చెప్పాలి. తర్కదోషాల పేర్లు బట్టీ పడితే ఈ విద్య రాదు. నేను అలాగే మొదలుపెట్టాను. కొన్నాళ్లపాటు ఎవరు నోరు తెరిచినా వాళ్ల మాటకు ఏదో ఒక దోషం పేరు తగిలించేవాణ్ణి. నాతో మాట్లాడేవాళ్లు తగ్గారు గానీ నా వాదనలేం బాగుపడలేదు.

పనికొచ్చే వరుస వేరే ఉంది. ఎదుటివాళ్లు ఏం తేల్చాలనుకుంటున్నారో ముందు చూడాలి. తర్వాత దానికి చెప్పిన కారణం చూడాలి. ఆ తర్వాత ఆ రెండిటికీ ఉన్న ముడి గట్టిదో కాదో లాగి చూడాలి. దోషం పేరు చివర్న వస్తుంది. రాకపోయినా నష్టం లేదు.

## 1. మొదలుపెట్టే ముందు: ఇది ఏ రకం మాట?

మన పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయ సూత్రాలు చర్చను మూడు రకాలుగా చెప్పాయి. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం. ఎలాగైనా గెలవాలని చేసేది జల్పం. తనదంటూ ఏ మాటా నిలబెట్టకుండా, ఎదుటివాడి మాట పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. వితండవాదం అంటూ మనం విసుక్కునేది ఈ మూడోదాన్నే.

ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "ఏం చూపిస్తే మీరు అభిప్రాయం మార్చుకుంటారు?" నిజం కోసం మాట్లాడేవాళ్లు కాస్త ఆలోచించి ఏదో ఒకటి చెప్తారు. గెలుపు కోసం మాట్లాడేవాళ్లు ప్రశ్న దాటేస్తారు. వితండానికి దిగినవాళ్లు మీ ప్రశ్నలోనే తప్పు వెతుకుతారు.

నలుగురూ వింటున్నచోట జల్పానికి కూడా జవాబు చెప్పొచ్చు, ఎందుకంటే మీరు అప్పుడు మాట్లాడుతున్నది ఆ నలుగురితో. ఇద్దరే ఉన్నప్పుడు వితండం మొదలైతే లేచి వచ్చేయడం మంచిది.

కొన్ని మాటలు అసలు వాదనలే కావు. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి "మా బాస్ ఎప్పుడూ ఇంతే" అంటే, ఒక్క సంఘటనతో అందరినీ, అన్నిటినీ అంచనా వేయకూడదని పాఠం చెప్పకండి. ఆవిడ వాదించడం లేదు, గోడు చెప్పుకుంటోంది.

చర్చలోకి దిగేముందు చూసుకోవాల్సినవి:

☐ ఇది వాదనేనా, లేక కోపం, బాధ, సరదా మాటా?
☐ మేం ఏ విషయం తేల్చాలనుకుంటున్నామో ఒక్క వాక్యంలో చెప్పగలనా?
☐ నా మాట తప్పని తేలితే ఒప్పుకునే ఓపిక ఇవాళ నాకుందా?

మూడో గడిలో టిక్కు పెట్టలేని రోజు ఈ పని వాయిదా వేసుకోండి.

## 2. వాదనను మూడు ముక్కలు చేయండి

ప్రతి వాదనలోనూ తేల్చే మాట, కారణం, ముడి అని మూడు ఉంటాయి. రాసిన వ్యాసంలో అయితే "కాబట్టి", "ఎందుకంటే" లాంటి మాటలు దారి చూపిస్తాయి. నోటిమాటలో అవి ఉండవు. తేల్చే మాట తరచుగా ప్రశ్న రూపంలో వస్తుంది.

ఒక సభలో ఇలా అన్నారనుకోండి: "వాళ్ల హయాంలో కట్టిన వంతెన కూలిపోయింది. ఈయన అప్పుడు ఆ పార్టీలోనే ఉన్నాడు. ఇప్పుడు రోడ్ల గురించి ఈయన చెప్తే ఎవరు వింటారండీ?"

విడదీస్తే ఇలా వస్తుంది:

- తేల్చే మాట: రోడ్ల గురించి ఈయన చెప్పేది పట్టించుకోనక్కర్లేదు.
- కారణం: వంతెన కట్టిన పార్టీలో ఈయన ఉన్నాడు.
- దాగిన ముడి: ఒక పార్టీ హయాంలో ఒక పని చెడితే, ఆ పార్టీలో ఉన్న ఎవరి మాటా ఆ విషయంలో ఇక చెల్లదు.

ఈ మూడోదాన్ని ఎవరూ పైకి అనలేదు. అంటే వినేవాళ్లే నవ్వుతారు. తర్కదోషాల్లో చాలావరకు ఇలా పైకి చెప్పని ముడిలోనే ఉంటాయి. అందుకే మీరు చేయాల్సిన మొదటి పని ఆ ముడిని పైకి అనిపించడం.

ముడి గట్టిదో కాదో తెలియకపోతే అచ్చు అలాగే ఉంచి విషయం మార్చి చూడండి. "తప్పు చేసినవాడు విచారణ వద్దంటాడు. ఆయన విచారణ వద్దంటున్నాడు. కాబట్టి తప్పు చేశాడు." వినడానికి బాగానే ఉంది. ఇదే అచ్చులో ఇంకోటి పోద్దాం: "వాన పడితే రోడ్డు తడుస్తుంది. రోడ్డు తడిసింది. కాబట్టి వాన పడింది." నీళ్ల ట్యాంకర్ కారినా రోడ్డు తడుస్తుంది కదా? అలాగే విచారణ జరిపే సంస్థ మీద నమ్మకం లేనివాడు కూడా విచారణ వద్దనొచ్చు. ఆయన నిజంగా తప్పు చేసి ఉండొచ్చు, కానీ ఈ వాదనతో ఆ సంగతి తేలదు.

లొసుగు కనిపించగానే అది ఏ చోట ఉందో గుర్తుపెట్టుకోండి. ఒక్కో చోటికి ఒక్కో మందు.

- కారణమే అబద్ధం. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, చెప్పింది నిజమో కాదో చూడకుండా ముందుకు పోవడం. ఇక్కడ ఆధారం అడగాలి, తర్కం అక్కర్లేదు.
- కారణం నిజమే, ముడి పడలేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడేసిన బాపతు. ఇక్కడే తర్కం కావాలి.
- కారణం, ముడి రెండూ బాగున్నాయి, తేలింది వేరే విషయం. ఇక్కడ అసలు విషయానికి వెనక్కి తీసుకురావాలి.

## 3. వ్యక్తిగత దాడిని గుర్తించడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

తిట్టు వేరు, వ్యక్తిగత దాడి అనే తర్కదోషం వేరు. "నువ్వు మొద్దువి, పన్నెండు తొమ్మిదులు నూట ఎనిమిది, నూట పద్దెనిమిది కాదు" అనేది తిట్టే. మర్యాద లేదు, తర్కంలో లోటు మాత్రం లేదు. ఎందుకంటే లెక్క తప్పనడానికి మొద్దుతనాన్ని కారణంగా చూపలేదు. మరోవైపు, "మీరు చాలా మంచివారు సార్, కానీ ఈ రంగం మీది కాదు కదా, మీకు అర్థం కావడం కష్టం" అనే మెత్తని మాట పక్కా దాడి. గౌరవవాచకం చూసి మోసపోవద్దు.

పేరు తీసేసే పరీక్ష. ఎదుటివాళ్ల మాటలోంచి మనిషి గురించి ఉన్నదంతా కొట్టేయండి. ఇంకా ఏదైనా కారణం మిగిలిందా? మిగిలితే తిట్టు వదిలేసి దానికి జవాబు చెప్పండి. ఏమీ మిగలకపోతే అది దాడే.

దాడి వేసుకొచ్చే వేషాలు ఇవి:

క) నేరుగా. "నీకేం తెలుసు?", "మేధావిగారు వచ్చారండీ!" లింగం, వయసు, పుట్టుక, చదువు, యాస చూపించి నోరు మూయించడం కూడా ఇందులోకే వస్తుంది.

ఖ) "నువ్వేం తక్కువ?" సిగరెట్ కాల్చే డాక్టరు సిగరెట్ మానమని చెప్తే, ఆయన చెప్పేదొకటి చేసేదొకటి అనొచ్చు. సిగరెట్ మంచిదని మాత్రం అనలేం.

గ) ఉద్దేశం అంటగట్టడం. "వాళ్లు డబ్బిచ్చి ఉంటారు, అందుకే అలా అంటున్నాడు."

ఘ) సావాసం చూపించడం. "ఇదే మాట ఫలానా వాళ్లూ అంటున్నారు. అయితే నువ్వూ వాళ్ల మనిషివేనన్నమాట."

ఙ) ముందే విషం కలపడం. ఎవరూ నోరు తెరవకముందే "దీన్ని వ్యతిరేకించేవాళ్లంతా అమ్ముడుపోయినవాళ్లే" అనేయడం. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఆ తర్వాత ఎవరు ఏ ఆధారం చూపించినా ఆ చూపించడమే అమ్ముడుపోయారనడానికి రుజువైపోతుంది.

చ) గొంతు పట్టుకోవడం. "ముందు ఆ కోపం తగ్గించుకో, తర్వాత మాట్లాడదాం." నిజంగా అరుస్తుంటే ఇది సబబైన మాటే. విషయం మీద జవాబు లేనప్పుడు మాత్రం ఇది మంచి తలుపు, బయటికి జారుకోవడానికి.

### మనిషి గురించి మాట్లాడటం ఎప్పుడు సబబు?

"వ్యక్తిగతంగా మాట్లాడొద్దు" అనే మాటను నాయకులు గొడుగులా వాడుకుంటారు. కొన్నిచోట్ల మనిషి గురించి అడగడమే అసలు ప్రశ్న.

- ఆ మనిషి మాటే ఏకైక సాక్ష్యం అయినప్పుడు. గతంలో అబద్ధాలు చెప్పాడా అన్నది అప్పుడు అవసరం.
- ఆ మనిషికి పదవి ఇవ్వాలా వద్దా అన్నదే చర్చ అయినప్పుడు. అభ్యర్థి పాత లెక్కలు, కేసులు, మాట తప్పిన సందర్భాలు అడగడం దాడి కాదు.
- "నేను నిపుణుణ్ణి, నా మాట నమ్మండి" అన్నప్పుడు. నైపుణ్యాన్ని ఆయనే కారణంగా చూపించాడు, కాబట్టి అడగొచ్చు.

స్వలాభం సంగతి కొంచెం చిక్కు. 1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం చూపించారు. గణాంకశాస్త్రంలో దిగ్గజం అనదగ్గ రొనాల్డ్ ఫిషర్ ఒప్పుకోలేదు. సంబంధం ఉన్నంతమాత్రాన ఇదే కారణమనలేమని, పొగతాగే అలవాటుకూ క్యాన్సర్‌కూ రెండిటికీ మూలమైన వంశలక్షణం ఏదో ఉండొచ్చని ఆయన వాదన. ఆయన పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారు కూడా. పైపు కాల్చేవాడు.

"పొగాకు కంపెనీల మనిషి కాబట్టి ఆయన తప్పు" అంటే అది దోషమే. "పొగాకు కంపెనీలతో సంబంధం ఉంది కాబట్టి ఆయన మాటను ఇంకో రెండుసార్లు పరీక్షిద్దాం" అంటే సబబు. జరిగింది కూడా అదే. 1959లో జెరోమ్ కార్న్‌ఫీల్డ్, ఆయన సహచరులు లెక్క వేసి చూపించారు: పొగతాగేవాళ్లకు క్యాన్సర్ ముప్పు తొమ్మిది రెట్లుంటే, దాన్నంతా ఆ దాగిన లక్షణమే కలిగించాలంటే ఆ లక్షణం పొగతాగేవాళ్లలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువమందికి ఉండాలి. అలాంటి లక్షణాన్ని ఎవరూ చూపించలేకపోయారు. ఫిషర్ వాదన ఓడింది లెక్క దగ్గర, ఆయన పైపు దగ్గర కాదు.

### దాడి జరిగినప్పుడు ఏం అనాలి?

మూడు అడుగులు: ఒప్పుకోగలిగింది ఒప్పుకోండి, పక్కన పెట్టండి, విషయానికి రండి.

"అన్నయ్యా, ప్రాసెసింగ్ ఫీజూ ఇన్సూరెన్సూ కలిపితే ఈ లోన్ వడ్డీ వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువ పడుతోంది. ఇంకోచోట కనుక్కుందాం."

"క్రెడిట్ కార్డు బిల్లే టైముకి కట్టలేవు. నువ్వు నాకు లోన్ల గురించి చెప్తావా?"

"కట్టలేదు, నిజమే. అందుకే ఈ ఫీజులు ఎలా పెరుగుతాయో నాకు బాగా తెలుసు. ఈ కాగితంలో మూడో లైను చూడు, నా లెక్కలో తప్పుంటే చెప్పు."

చెల్లెలు తనను తాను సమర్థించుకోవడానికి దిగలేదు. దిగి ఉంటే ఆ సాయంత్రమంతా ఆమె క్రెడిట్ కార్డు మీదే నడిచేది. దాడి చేసేవాళ్లకు కావాల్సిందీ అదే: చర్చ లోన్ మీంచి మీ మీదికి రావడం.

## 4. విషయం చేతులు మారే చోట్లు

దిష్టిబొమ్మ వాదన. అసలు మనిషిని కొట్టలేక దిష్టిబొమ్మను తగలబెట్టినట్టు, మీరు అనని మాటను మీకు అంటగట్టి దాన్ని చీల్చి చెండాడటం. "పిల్లలకు ఫోన్ వాడకం కొంచెం తగ్గిద్దాం" అంటారు మీరు. "అంటే వాళ్లను లోకజ్ఞానం లేకుండా పెంచమంటావా?" అని జవాబు. ఆ "అంటే" అన్న మాట దగ్గర చెవులు రిక్కించండి. దిష్టిబొమ్మ దాదాపు ప్రతిసారీ అక్కడి నుంచే లేస్తుంది.

జవాబు చిన్నగా ఉండాలి: "నేనన్నది రోజుకో గంట తగ్గిద్దామని. ఆ గంట గురించి చెప్పు." మీరు ఇదే తప్పు చేయకుండా ఉండాలంటే, గణిత మనస్తత్వశాస్త్రంలో పనిచేసిన అనటోల్ రాపొపోర్ట్ సలహా ఒకటుంది. ఎదుటివాళ్ల మాటను వాళ్లే ఒప్పుకునేంత బాగా ముందు మీరు చెప్పండి, విమర్శ ఆ తర్వాత. "అవును, నేననేది అదే" అనిపించుకున్నాకే నోరు చేసుకోవాలన్నమాట.

ఛలం. ఒకే మాటకున్న రెండర్థాల మధ్య దూకడం. మన తర్కశాస్త్రంలో పాత ఉదాహరణ ("నవ" అంటే కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు): "దేవదత్తుడు నవకంబళం కప్పుకున్నాడు" అని ఒకడంటాడు, కొత్త కంబళి అనే అర్థంలో. "తొమ్మిది కంబళ్లెక్కడున్నాయి? ఒక్కటేగా ఉంది!" అంటాడు రెండోవాడు. ఇవాళ ఈ ఆట "స్వేచ్ఛ", "అభివృద్ధి", "ప్రజలు", "ఉచితం" లాంటి మాటలతో ఆడుతున్నారు. మందు సులువే: "ఆ మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారు?" అని అడిగి, చెప్పిన అర్థాన్ని చివరిదాకా వదలకండి.

"మరి అప్పుడేమైంది?" ఇవాళ్టి తప్పు అడిగితే నిన్నటి ఇంకొకరి తప్పు చూపించడం. "రెండు సందర్భాల్లో ఒకే కొలమానం వాడుతున్నారా?" అని అడగడానికైతే ఇది సరైన ప్రశ్నే, జవాబు చెప్పాలి. ఇవాళ్టి తప్పుకు జవాబు ఎగ్గొట్టడానికైతే దోషం. "అదీ తప్పే. దాని సంగతి విడిగా మాట్లాడదాం. ఇప్పుడు దీని సంగతి చెప్పండి." ఈ మూడు వాక్యాలూ నోటికి అలవాటు చేసుకోండి. మొదటి వాక్యం అనడం మీకు కష్టంగా ఉంటే, ఎదుటివాడి అనుమానంలో కొంత నిజముందేమో చూసుకోండి.

పెద్ద మాట, చిన్న మాట. "ఈ పథకం మొత్తం దండగ" అంటారు. ఆధారం అడిగితే "ఖర్చుకు లెక్క ఉండాలన్నాను, అది కూడా తప్పేనా?" అని తగ్గుతారు. మీరు లెక్క ఉండాలని ఒప్పుకున్నాక "చూశారా, దండగేనని ఒప్పుకున్నారు" అంటారు. పట్టుకోవాలంటే మొదటి మాటను ఉన్నదున్నట్టు రాసి పెట్టుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడితే ఓడిపోతారు.

గీత జరపడం. "మా పార్టీ కార్యకర్త ఎవడూ అలాంటి పని చేయడు." "చేశాడుగా, ఇదిగో." "అయితే వాడు నిజమైన కార్యకర్త కాదు." నిజమైన కార్యకర్త అంటే ఎవరో ముందే చెప్పించండి.

## 5. కారణాలు, లెక్కలు

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వల్లే పండు పడిందనుకోవడాన్ని కాకతాళీయ న్యాయం అని మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టి హెచ్చరించారు. అయినా ఎన్నికల సభల్లో సగం ఉపన్యాసం కాకుల గురించే. "మేం వచ్చాక ఇది పెరిగింది, వాళ్లున్నప్పుడు అది తగ్గింది."

అలాంటిది వినగానే మూడు అడగండి:

1. వీళ్లు రాకముందు నుంచే అది ఆ దారిలో ఉందా?
2. వీళ్ల పాలన లేనిచోట్ల కూడా అదే కాలంలో అలాగే జరిగిందా?
3. ఏ పని వల్ల, ఏ దారిలో ఈ ఫలితం వచ్చిందో చెప్పగలరా?

శాతాల మాయ. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందన్నది దాని సారాంశం. అబద్ధం కాదు. పాత మాత్రలతో దాదాపు 7,000 మందిలో ఒకరికి వచ్చేది, కొత్తవాటితో ఇద్దరికి వస్తోంది. "100 శాతం పెరుగుదల" అన్నా నిజమే, "7,000 మందిలో ఒకరు అదనం" అన్నా నిజమే. ఆ భయంతో చాలామంది మాత్రలు మానేశారు, మరుసటి ఏడాది గర్భస్రావాలు పెరిగాయి. కాబట్టి రెట్టింపు, సగం, ఇన్ని శాతం అని వినగానే "ఎంతలోంచి ఎంతకి?" అని అడగండి.

ఒక్క మెతుకు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, ఎందుకంటే ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడికిన మెతుకులవి. మనుషులు అలా ఉడకరు. "మా బంధువు ఒకాయన..." అని మొదలయ్యే వాదన దేనికైనా ఉదాహరణ అవుతుంది, రుజువు కాదు.

కనిపించనివాళ్లు. "కాలేజీ మానేసి కోటీశ్వరులైనవాళ్లను చూడు" అంటారు. మానేసి కోటీశ్వరులు కానివాళ్లు మనకు కనపడరు, వాళ్లను ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. వాళ్లెంతమందో తెలియకుండా ఈ మాటకు బరువు లేదు.

## 6. చప్పున గుర్తుపట్టగలిగేవి

ఇవి తేలికైనవి. ఒక్కోదానికి ఒక ప్రశ్న చాలు.

- రెండే దారులు: "మాతో ఉన్నావా, వాళ్లతో ఉన్నావా?" అడగాల్సింది: మూడో దారి లేదా?
- జారుడుబండ: "ఇవాళ ఇది ఒప్పుకుంటే రేపు అన్నీ ఒప్పుకోవాలి." అడగాల్సింది: మధ్యలో ఆపడానికి ఏది అడ్డం? (కొన్నిసార్లు జారుడు నిజంగానే ఉంటుంది. ఒక్కో మెట్టూ ఎందుకు తప్పదో చూపిస్తే అది దోషం కాదు.)
- అన్యోన్యాశ్రయం (రెండు మాటలు ఒకదానికొకటి ఆసరా కావడం): "ఆయన నిజాయితీపరుడు, ఆయనే చెప్పాడు. నిజాయితీపరుడు అబద్ధం చెప్పడు కదా." అడగాల్సింది: దీనికి బయటి ఆధారం ఏది?
- అందరూ అంటున్నారు: ఎన్నికల్లో ఎవరు గెలిచారో తేల్చడానికి తల లెక్క సరిపోతుంది. మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి సరిపోదు.
- పెద్దాయన చెప్పాడు: ఏ రంగంలో పెద్దాయన? ఆ రంగంలో మిగతావాళ్లు ఏమంటున్నారు?
- "కాదని నిరూపించు": ఉందని చెప్పినవాళ్లదే నిరూపించే బాధ్యత.
- ముడి పెట్టిన ప్రశ్న: "లంచాలు తీసుకోవడం మానేశారా?" అవునన్నా కాదన్నా ఇరుక్కుంటారు. ముందు ప్రశ్నలోని ఆరోపణను విడదీయండి.

## 7. రాజకీయ చర్చ వినేటప్పుడు

కాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు అడిగిన ప్రశ్న, కుడివైపు వచ్చిన జవాబు ఒక్కో వాక్యంలో రాయండి. చర్చ అయ్యాక చదవండి. రెండువైపులా ఒకే విషయం ఉన్న వరుసలు ఎన్నో లెక్కపెట్టండి. నాకైతే మొదటిసారి చేసినప్పుడు నవ్వొచ్చింది. ఆవు వ్యాసం తప్ప ఇంకోటి రాని పిల్లాడు ఏ అంశం ఇచ్చినా ఆవు దగ్గరికి లాక్కెళ్లినట్టు, కొందరు ఏం అడిగినా తమకు వచ్చిన ఒకే ఒక్క పాఠం దగ్గరికి వెళ్లిపోతారు.

ఎవరు చేశారో చెప్పని వాక్యాలకు కింద గీత పెట్టండి. "పొరపాట్లు జరిగాయి." ఎవరి వల్ల జరిగాయి?

పార్టీ మార్చే పరీక్ష. మీకు నచ్చిన నాయకుడి మాటను మీకు గిట్టని నాయకుడి నోట్లో పెట్టి చదవండి. గిట్టని నాయకుడి మాటను నచ్చినవాడి నోట్లో పెట్టండి. మీ తీర్పు మారిపోతే, మీరు ఇంతసేపూ వాదనను కాదు, కండువాను చూశారన్నమాట.

ఆరోపణల వాన. ఒక్క నిమిషంలో పది మాటలు గుప్పిస్తారు, ఒక్కోదానికి జవాబు చెప్పాలంటే పది నిమిషాలు కావాలి. అమెరికాలో పరిణామవాదాన్ని వ్యతిరేకిస్తూ డ్వేన్ గిష్ అనే ఆయన ఇలాగే వాదించేవాడు. ఆయన్ను చూసే 1994లో యూజీనీ స్కాట్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతికి "గిష్ గాలప్" అని పేరు పెట్టారు. అన్నిటికీ జవాబు చెప్పబోతే మీరు మునిగిపోతారు. "పది అన్నారు. వీటిలో మీకు అన్నిటికంటే గట్టిదనిపించేది ఏదో చెప్పండి, దాన్ని తేల్చాకే ముందుకెళ్దాం" అనండి. గట్టిదే పడిపోతే మిగతా తొమ్మిదీ ఎలాంటివో వినేవాళ్లకు అర్థమవుతుంది.

## 8. లొసుగు కనిపించింది. ఎలా చెప్పాలి?

1. ఎదుటివాళ్ల మాటను తిరిగి చెప్పి "ఇదేనా మీరనేది?" అని అడగండి.
2. ఒప్పుకోగలిగిన ముక్కను ముందు ఒప్పుకోండి.
3. లొసుగున్న చోటును మామూలు మాటల్లో చూపించండి. దోషం పేరు వాడకండి.
4. ఒకే ఒక్క ప్రశ్న అడిగి ఆగండి. మౌనం కాసేపు ఇబ్బందిగా ఉంటుంది, ఉండనివ్వండి.

వాట్సాప్ గ్రూపులో పెద్దవాళ్లెవరైనా తప్పు పంపితే నలుగురిలో కాకుండా విడిగా ఫోన్ చేసి చెప్పండి. "బాబాయ్, మీరు పంపినదాంట్లో ఆ అంకె ఎక్కడిదో తెలిస్తే చెప్తారా?" అంటే వెనక్కి తగ్గడానికి ఆయనకు దారి ఉంటుంది. అందరిముందూ అడిగితే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు, అక్కడితో మీ పని ఖాళీ.

## 9. ఎక్కువగా చేసే తప్పులు, దిద్దుకునే తీరు

వాదనలో దోషం ఉంది కాబట్టి తేల్చిన మాట అబద్ధం అనుకోవడం. ఇదీ ఒక తర్కదోషమే. "మా తాత భూమి గుండ్రంగా ఉందన్నాడు, కాబట్టి గుండ్రంగా ఉంది." వాదన పనికిరానిదే, భూమి గుండ్రంగానే ఉంది. *దిద్దుబాటు:* "మీరు చెప్పిన కారణంతో ఇది తేలలేదు" అనండి, "మీ మాట తప్పు" అనకండి.

ప్రతి విమర్శనూ వ్యక్తిగత దాడి అనడం. "మీ పనిలో ఈ తప్పుంది" అన్నది పని గురించి. *దిద్దుబాటు:* పేరు తీసేసే పరీక్ష మళ్లీ పెట్టండి.

దోషం పేరునే ఆయుధం చేసుకోవడం. "ఇది వితండవాదం" అని విసిరేస్తే, కారణం చూపించనంతవరకు మీరు చేసింది కూడా ముద్ర వేయడమే.

మన పక్షాన్ని వదిలేయడం. దీనికి దిద్దుబాటు కష్టం. నేను వాడే చిట్కా: వారానికోసారి, నేను పూర్తిగా ఒప్పుకునే వ్యాసం ఒకటి తీసుకుని అందులో లొసుగులు వెతుకుతాను. ఒక్కటీ దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని లెక్క.

## 10. ఒక అభ్యాసం

కింది ఉపన్యాసం నేను అల్లినది. జవాబు చూడకుండా ముందు మీరే విడదీయండి.

> "రాత్రిపూట తాగి బండి నడిపేవాళ్లను పట్టుకోవడానికి తనిఖీలు పెంచాలని ప్రతిపక్ష నాయకుడు అంటున్నాడు. ఆయన కొడుకు మీదే ఓవర్‌స్పీడ్ కేసుంది. అంటే రాత్రయితే ఎవరూ గడప దాటకూడదని ఆయన ఉద్దేశం. మేం వచ్చిన ఏడాదిలోనే ప్రమాదాలు తగ్గాయి. తనిఖీలు కావాలో, స్వేచ్ఛ కావాలో మీరే తేల్చుకోండి."

రెండో వాక్యం: దాడి, అదీ ఆయన మీద కాదు, కొడుకు మీదుగా. కొట్టేసి చూడండి, తనిఖీల గురించి ఒక్క కారణమూ మిగలదు. కొడుకును తప్పించడానికి తండ్రి అధికారం వాడాడన్న ఆధారం ఉంటే అది వేరే సంగతి, విడిగా అడగాల్సిన సంగతి.

మూడో వాక్యం: "అంటే" దగ్గర దిష్టిబొమ్మ లేచింది. పైగా ఉద్దేశం అంటగట్టడం.

నాలుగో వాక్యం: కాకి, తాటిపండు. ఎంతలోంచి ఎంతకి తగ్గాయి? అంతకుముందు ఏడాది ఎలా ఉంది? ఇక్కడ ఇంకోటి కూడా ఉంది: ప్రమాదాలు మొత్తంగా తగ్గినా, తాగి నడపడం వల్ల జరిగేవి తగ్గాయని కాదు.

ఐదో వాక్యం: రెండే దారులు. "స్వేచ్ఛ" అన్న మాటతో ఛలం కూడా. తాగి బండి నడిపే స్వేచ్ఛా, రాత్రిపూట తిరిగే స్వేచ్ఛా?

మొదటి వాక్యంలో దోషం లేదు, ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టే చెప్పాడు. కాకపోతే తనిఖీలు పెంచితే ప్రమాదాలు తగ్గుతాయనడానికి ఆ ప్రతిపక్ష నాయకుడు ఏం చూపించాడో మనకింకా తెలియదు. ఆ ప్రశ్నను కూడా కాగితం మీద ఎడమవైపు రాసుకోండి.